తోక బయట

విల్ఫ్ పికరింగ్ పడిపోయిన మెట్లు పదిహేడు. ఇన్‌స్పెక్టర్ హెస్టర్ గార్సైడ్ ఆ మధ్యాహ్నం వాటిని మూడోసారి లెక్కపెడుతూ దిగింది. పద్దెనిమిది వస్తే ఏమవుతుందో ఆమెకే తెలియదు. కాని లెక్క తప్పుతుందేమోనన్న బెదురు మాత్రం ప్రతి మెట్టు మీదా ఉంది.

విల్ఫ్‌కి అరవై ఎనిమిదేళ్ళు. లీడ్స్‌లో పాత చర్చి హాలుని మార్చి కట్టిన ఈ స్టూడియోలో ముప్పై ఏళ్ళుగా టేపులకి కాపలా ఉన్నాడు. ‘స్లేట్ రూఫ్స్’ బ్యాండు పాటలన్నీ ఇక్కడే రికార్డయ్యాయి. వాటి టేపులన్నీ ఈ మెట్ల కింద గదిలోనే ఉన్నాయి. సోమవారం సాయంత్రం ఐదుకీ ఏడుకీ మధ్య ఆయన ప్రాణం పోయింది. మంగళవారం పొద్దున తొమ్మిదీ పదికి, ఆయనతో పాటు పాతికేళ్ళు పనిచేసిన మేవిస్ టర్న్‌బుల్ ఆయన శవాన్ని చూసింది. ఇవాళ బుధవారం. నాలుగింటికి తాళాలు ఈ భవనం కూల్చేవాళ్ళకి ఇచ్చేయాలి. ఆ తరవాత ఈ మెట్లూ ఉండవు, ఈ గదీ ఉండదు.

ఆ గడువుకి ఒప్పుకున్నది చీఫ్ ఇన్‌స్పెక్టర్ డెరెక్ ఓల్డ్‌రాయిడ్. మెట్ల అడుగున గోడకి ఆనుకుని, కాగితం సంచిలోంచి మాంసం కూరిన పేస్ట్రీ తీసుకుని తింటున్నాడు.

“ఎన్నొచ్చాయి?”

“పదిహేడు.”

“నిన్న కూడా పదిహేడే. రేపటికి ఒక్కటీ ఉండదు. ముసలాయన, అరిగిపోయిన మెట్లు, చీకటి. ఇందులో హత్య ఎక్కడుంది గార్సైడ్?”

“ఆయన బోర్లా పడి ఉన్నాడు సార్. చేతులు ముందుకి చాపి.”

“పడితే అలాగే పడతారు.”

“మోకాలు నొప్పి వల్ల ఆయన మెట్లు వెనక్కి తిరిగి దిగుతాడు, రెండు చేతులా కమ్మీ పట్టుకుని. మేవిస్ చెప్పింది. అలా దిగేవాడు జారితే వెల్లకిలా పడాలి. బోర్లా పడ్డాడంటే, పైన నిలబడి ఉండగా వెనకనించి ఎవరో తోశారు.”

“ఆ రోజు మరిచిపోయి మామూలుగా దిగి ఉంటాడు.”

“మోకాలు మరిచిపోనివ్వదు సార్.”

ఓల్డ్‌రాయిడ్ వేళ్ళు తుడుచుకున్నాడు. చంకలో అట్ట నలిగిన లావుపాటి పుస్తకం ఉంది. స్లేట్ రూఫ్స్ ప్రతి పాట వెనకా ఉన్న కథ చెప్పే పుస్తకం. నోయెల్ ఫెయిర్‌బ్యాంక్ రాసినది. పదిహేడేళ్ళుగా అచ్చవుతూనే ఉంది.

“ఫెయిర్‌బ్యాంక్ గారు రెండుంబావుకి వస్తున్నారు. మర్యాదగా మాట్లాడు. మా ఆవిడకి సంతకం కావాలి.”

“మీ ఆవిడకా?”

“సరే, నాకే.” అతను నవ్వలేదు. “ఇంకోమాట. నీకు మౌనం పడదు. ఎదుటివాడు నోరు మూసుకుంటే నువ్వు తెరుస్తావు. పదకొండేళ్ళుగా చూస్తున్నాను. ఆయన దగ్గర ఆ పని చెయ్యకు.”

ఆమె జవాబు చెప్పలేదు. చెప్పకుండా ఉండటానికి ఎంత బలం కావలసివచ్చిందో గమనించుకుంది. చిన్నప్పుడు భోజనాల బల్ల దగ్గర నాన్న మౌనంగా ఉన్నాడంటే తరవాత ఏం జరుగుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. అలా జరక్కుండా ఏదో ఒకటి మాట్లాడే పని హెస్టర్‌ది. నాన్న పోయి ఇరవై ఏళ్ళయింది. ఆ ఉద్యోగంలోంచి ఆమెని ఎవరూ తీసెయ్యలేదు.

టేపుల గదిలోకి వెళ్ళి చేతికి తొడుగులు వేసుకుంది. బల్ల మీద పెద్ద టేపు యంత్రం. దాని ముసుగుగుడ్డ నేల మీద కుప్పగా పడి ఉంది. యంత్రానికి కుడిపక్క ఇరుసు ఖాళీ. ఎడమపక్క ఇరుసు మీద టేపు లేని ఉత్త చక్రం. ముసుగు, ఖాళీ చక్రం, ఎడమ, అని తన నోటుపుస్తకంలో రాసుకుంది. పక్కనే చదునైన అట్టపెట్టె. దాని మీద నీలి పెన్సిల్‌తో విల్ఫ్ రాత:

ఓల్వెన్ ప్రిచర్డ్. 9 మార్చి 1967. టేక్ 1. 6 ని. 20 సె. తోక బయట.

చివరి రెండు మాటలూ ఆమెకి అర్థం కాలేదు. పాట పేరు కాబోలు. మూత తీసింది. రీలు నిండా టేపు. బయటికి ఉన్న కొసన జానెడు తెల్ల పట్టీ అతికించి ఉంది. అదీ రాసుకుంది. మూడింటికి మేవిస్ వస్తుంది, అడగొచ్చు.

ఓల్వెన్ ప్రిచర్డ్ ఎవరో మాత్రం తెలుసు. విల్ఫ్ డైరీలో సోమవారం పేజీలో ఉన్నవి రెండే వాక్యాలు. “ఆ టేపు సంగతి నోయెల్‌కి చెప్పాను. ఓల్వెన్‌కి చెప్పాలి, ఓట్లీ.” కింద ఫోన్ నంబరు. పొద్దున హెస్టర్ ఆ నంబరుకి చేసింది. ఓట్లీ బజారులో ఊలు కొట్టు. పంతొమ్మిదో ఏట ఓల్వెన్ ఈ స్టూడియోలో నేల తుడిచేది, టీ పెట్టేది.

“పేరు చూసి అందరూ పొరబడతారమ్మా,” అంది ఆవిడ. “వేల్స్ మా నాన్నది. నేను పుట్టింది బ్రాడ్‌ఫర్డ్‌లో. వెల్ష్ భాష ఒక్క ముక్క రాదు.” ఆ టేపు సంగతి ఎత్తగానే గొంతు తగ్గించింది. “అది ఫోన్లో చెప్పేది కాదు. ఐదింటికి కొట్టు కట్టేశాక రండి.”

రెండు పద్నాలుగుకి నోయెల్ ఫెయిర్‌బ్యాంక్ వచ్చాడు. అరవై దాటిన మనిషి. మెత్తటి గొంతు, మోచేతుల దగ్గర తోలు అతికిన కోటు. ఓల్డ్‌రాయిడ్ స్వయంగా టీ తెచ్చి, పుస్తకం ముందుపెట్టి, తలుపు దగ్గర నిలబడ్డాడు.

“సోమవారం ఐదుకీ ఏడుకీ మధ్య ఎక్కడున్నారు?” అని అడిగింది హెస్టర్.

“ఇంట్లో. ఒక్కణ్ణే. రాసుకుంటూ. రాసేవాడికి సాక్షి ఎవరుంటారు ఇన్‌స్పెక్టర్ గారూ?”

“ఇల్లెంత దూరం?”

“నడిస్తే పది నిమిషాలు. అది నేరమా?”

“విల్ఫ్ మీకు ఫోన్ చేశారు.”

“నాలుగూ ఇరవైకి. ‘జూన్ కిటికీ’ అసలు టేపు దొరికిందన్నాడు. ఆ పాట తెలుసు కదా మీకు?”

ఆ దేశంలో దాన్ని ఎరగనివాళ్ళు లేరు. బ్యాండు గాయకుడు లియో థాక్రే తల్లి జూన్ నెలలో పోయింది. ఆమె ఊపిరి ఆగగానే, ఆత్మ వెళ్ళిపోవడానికి ముసలమ్మలు చేసినట్టే, కొడుకు కిటికీ తెరిచాడు. ఆ రాత్రే వంటగది బల్ల మీద పాట రాశాడు. ఫెయిర్‌బ్యాంక్ పుస్తకంలో మొదటి అధ్యాయం అదే. హెస్టర్ తన తల్లి అంత్యక్రియలకి ఆ పాటే పెట్టించింది.

“లియో మీకు స్వయంగా చెప్పిన కథేనా అది?”

ఆయన చెంచా తిప్పాడు. “కథలు ఎవరూ పూర్తిగా చెప్పరు. మీ అమ్మగారు పోయింది జూన్‌లో కదా అన్నాను. లియో కాసేపు ఆలోచించి, అయ్యుండొచ్చు అన్నాడు. మరుసటి ఏడాది ఆ మాట అతనే నాకు చెప్పాడు, కన్నీళ్ళతో.” టీ ఒక గుక్క తాగాడు. “చచ్చిపోయేదాకా దాన్ని నమ్మాడు. నేనూ నమ్మాను.”

ఆమెకి ఆయన మీద జాలి కలిగింది. అనుమానించవలసిన మనిషి మీద జాలి పుట్టినప్పుడల్లా ఆమె మరింత జాగ్రత్తపడుతుంది.

“టేపు మీరు విన్నారా?”

“ఫోన్లోనే వినిపించాడు. పాపం, పొరబడ్డాడు. ఎవరో అమ్మాయి గిటార్ మీటుతూ వెల్ష్‌లో పాడుతోంది. పాట పేరు కూడా వేరే. ‘తోక బయట’ అని. పల్లె పాట అయ్యుంటుంది. మన పాటతో దానికి సంబంధమే లేదు.”

అని ఊరుకున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, నెమ్మదిగా, ఏ తొందరా లేనట్టు ఊరుకున్నాడు.

హెస్టర్ గోడ గడియారం ముల్లు వింది. పది సెకన్లు. ఇరవై. తలుపు దగ్గర ఓల్డ్‌రాయిడ్ ఆమెనే చూస్తున్నాడు. ఎక్కడో ఒక కుర్చీ వెనక్కి జరగబోతోందనీ, ఏదో పగలబోతోందనీ ఆమె ఒంటికి తెలిసింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

“వింతగా ఉంది. ఓల్వెన్ ప్రిచర్డ్‌కి వెల్ష్ రాదట. పొద్దునే మాట్లాడాను. ఇప్పుడు ఓట్లీలో ఊలు కొట్టు నడుపుతోంది. ఒక్క ముక్క కూడా రాదంది.”

చెంచా వైపు చాచిన ఫెయిర్‌బ్యాంక్ చెయ్యి గాలిలో ఆగిపోయింది.

ఆయన బల్ల మీది పెట్టె వైపు చూడలేదు. యంత్రం వైపు చూశాడు. ఎడమపక్క ఖాళీ చక్రాన్ని చూశాడు. ముఖంలో భయం లేదు. చాలా రోజులుగా వెతుకుతున్న మాట తట్టినవాడిలా కళ్ళు ఒక్క క్షణం తేటపడ్డాయి.

“అలాగా,” అన్నాడు. “ఫోన్లో సరిగా వినపడి ఉండదు లెండి.”

టీ సగంలో వదిలి లేచాడు. ఓల్డ్‌రాయిడ్ తెచ్చిన పుస్తకం మీద సంతకం పెట్టాడు. రెండు నలభై రెండుకి ఆయన కారు వెళ్ళిపోయింది.

“చూశావా,” అన్నాడు ఓల్డ్‌రాయిడ్. “ఇరవై సెకన్లు ఓర్చుకోలేకపోయావు.”

“ఆయన ఏం తెలుసుకున్నాడు సార్?”

“ఏం తెలుసుకుంటాడు? ఎవరో టీ పెట్టే అమ్మాయికి వెల్ష్ రాదని. ఆ ముక్క కోర్టులో చెప్పు, జడ్జీగారు నిద్రపోతారు.”

తానొక వస్తువు ఎవరికో అందించింది. ఆ వస్తువేమిటో అందుకున్నవాడికి తెలుసు, ఇచ్చినదానికి తెలియదు.

బస్సు ఆలస్యమై మేవిస్ మూడూ పన్నెండుకి వచ్చింది. పొట్టి మనిషి, తలకి వానగుడ్డ, చేతిలో బిస్కెట్ల డబ్బా. గదిలోకి వస్తూనే నేల మీది ముసుగుగుడ్డ తీసి దులిపి మడతపెట్టింది.

“ఎవరు పడేశారు దీన్ని? సోమవారం నాలుగున్నరకి నేను వెళ్ళేటప్పుడు యంత్రం మీదే కప్పి ఉంది.”

“నాలుగూ ఇరవైకి విల్ఫ్ ఫోన్లో ఎవరికైనా టేపు వినిపించారా?”

“ముసుగు తియ్యకుండా ఎలా వినిపిస్తాడు పిల్లా? ఫోన్ చేశాడు. ఒక్క నిమిషం మాట్లాడి పెట్టేశాడు. నేను పక్కనే కోటు వేసుకుంటున్నాను.”

ఓల్డ్‌రాయిడ్ గోడ నుంచి వీపు తీశాడు.

హెస్టర్ పెట్టె ముందుకి జరిపింది. “మేవిస్, ఈ పాట తెలుసా? ‘తోక బయట’.”

మేవిస్ ముందు ఆమె ముఖంలోకి చూసింది, వేళాకోళమేమోనని. తరవాత పొట్ట పట్టుకుని నవ్వింది.

“అది పాట పేరు కాదు పిల్లా. రీలు ఎలా చుట్టి ఉందో రాసుకోవడం. టేపు ఆడించాక చివరి కొస బయటికి ఉంటుంది కదా, దాన్ని తోక అంటాం. మళ్ళీ వెనక్కి చుట్టకుండా అలాగే దాచుతాం, టేపు పాడవకుండా ఉంటుందని. వినాలంటే ముందు వెనక్కి చుట్టుకోవాలి. అది మరిచిపోకుండా పెట్టె మీద ‘తోక బయట’ అని రాస్తాం. ఈ పని చేసినవాడెవడూ దాన్ని పాట పేరనడు.” మూత తీసింది. నవ్వు ఆగిపోయింది. “ఇదేమిటి?”

“ఏమైంది?”

“తల తెలుపు, తోక ఎరుపు. ఈ స్టూడియోలో మొదటినుంచీ అదే పద్ధతి. తోక బయట అని రాసి ఉంది, ఎర్ర పట్టీ కనపడాలి. తెల్లది కనపడుతోంది. ఎవరో దీన్ని తోక వైపునుంచే ఆడించి, అది అటు చుట్టుకున్నాక అలాగే తీసి పెట్టెలో పెట్టేశారు. ఖాళీ చక్రం కూడా ఎడమపక్క వదిలేశారు. విల్ఫ్ అయితే చచ్చినా...” ఆ మాట దగ్గర ఆగి పెదవి కరుచుకుంది.

“తోక వైపునుంచి ఆడిస్తే ఏం వినపడుతుంది?”

“వెనకనుంచి ముందుకి వినపడుతుంది. చివరి మాట ముందు వస్తుంది, అదీ తిరగేసి.”

“వినిపించగలరా? ముందు సరిగ్గా. తరవాత తిరగేసి.”

మేవిస్ టేపు ఎక్కించింది. ముందు విల్ఫ్ గొంతు, ఇరవై ఒక్క ఏళ్ళ వెనకటిది: “ఓల్వెన్ ప్రిచర్డ్, జూన్ కిటికీ, టేక్ ఒకటి.” తరవాత గిటార్. తరవాత ఒక అమ్మాయి సన్నటి గొంతు, స్పష్టమైన ఇంగ్లీషులో. లోకమంతా లియో గొంతులో విన్న మొదటి రెండు చరణాలూ, మాట పొల్లుపోకుండా.

రెండో చరణం అయ్యాక గిటార్ ఆగలేదు. మూడో చరణం ఉంది. అది రికార్డులో ఎప్పుడూ లేదు.

కంకర మీద చక్రాలు. పసుపు దుప్పటి అంచు. నీకు పేరు పెట్టనివ్వలేదు వాళ్ళు. నేను పెట్టుకున్నాను, కిటికీ అద్దం మీద, ఊపిరితో.

మేవిస్ యంత్రం ఆపింది.

“పెళ్ళికాని తల్లుల ఆశ్రమం,” అంది. “అరవై ఆరు జూన్‌లో. నాకు తెలుసు, విల్ఫ్‌కి తెలుసు. పిల్లాణ్ణి బండిలో తీసుకుపోతుంటే ఓల్వెన్ పై అంతస్తు కిటికీలోంచి చూసింది. లియో మొదటి రెండు చరణాలూ తీసుకున్నాడు. మూడోది తనకి అర్థం కాలేదన్నాడు. పాట నాదని ఓల్వెన్ ఎన్నడూ అనలేదు. అంటే మూడోదీ చెప్పాలి కదా.”

తల్లి కోసం కొడుకు పాడిన పాట కాదది. హెస్టర్ ఒక్కసారి కళ్ళు మూసుకుంది.

“ఇప్పుడు తిరగేసి,” అంది.

రీళ్ళు అటువి ఇటు మార్చి మేవిస్ మళ్ళీ ఆడించింది. అదే గొంతు గుటకలు మింగుతూ, ఎక్కడా విరగని మెత్తటి అక్షరాలతో, తెలియని ఏదో భాషలో పాడింది. పెట్టె మీద ఓల్వెన్ ప్రిచర్డ్ అన్న పేరు చదివి వింటే ఎవరైనా వెల్షే అనుకుంటారు. అలా అనుకునే ఫెయిర్‌బ్యాంక్ టేపుని తిరిగి పెట్టెలో పెట్టేసి వెళ్ళాడు. మనిషిని తోసేసిన తరవాత, తోసింది దేనికోసమో తెలుసుకుందామని విని, తన పుస్తకాన్ని అబద్ధం చేసే టేపు ఇది కాదులే అనుకుని. జీవితమంతా రికార్డుల మీద రాసిన మనిషి, ఆ సాయంత్రం దాకా ఒక్క టేపు కూడా తన చేత్తో ఎక్కించి ఎరగడు.

కాని ఓల్వెన్‌కి వెల్ష్ రాదు అన్న ఒక్క మాట చాలు, ఆయనకి మిగతాదంతా అర్థం కావడానికి. ఆ మాట చెప్పింది తను. ఊరు చెప్పింది, కొట్టు చెప్పింది.

“ఓట్లీ ఎంత దూరం?”

“అరగంట,” అన్నాడు ఓల్డ్‌రాయిడ్. అతని గొంతు మారిపోయింది. గడియారంలో మూడూ ముప్పై ఆరు. “ఆయన వెళ్ళి యాభై నాలుగు నిమిషాలైంది.”

అతను పక్క గదిలోని ఫోన్ దగ్గరికి పరిగెత్తాడు. హెస్టర్ ఈ గది ఫోన్ తీసి నంబరు తిప్పింది. నాలుగుసార్లు గంట మోగాక ఎత్తారు.

“ప్రిచర్డ్ ఊలు దుకాణం.”

“ఓల్వెన్, నేను హెస్టర్ గార్సైడ్‌ని. అవును కాదు, అంతే చెప్పండి. మీ దగ్గర ఎవరైనా ఉన్నారా?”

“అవునమ్మా, మీరు పంపిన పెద్దమనిషే. ఇప్పుడే వచ్చారు, దారి తప్పారట. ‘మూసివేయబడినది’ బోర్డు కూడా ఆయనే తిప్పారు, తీరిగ్గా మాట్లాడుకుందామని.” గొంతులో ఏదో తడబాటు. “నా కత్తెర కూడా ఆయన చేతిలోనే ఉంది. పాట పాడమంటున్నారు.”

“పాడండి. మూడు చరణాలూ. తొందరపడకుండా.”

“మూడోది నేనెవరి ముందూ పాడలేదమ్మా. విల్ఫ్ ముందు తప్ప.”

ఫోన్ చేతులు మారింది.

“ఇన్‌స్పెక్టర్ గారూ,” అన్నాడు ఫెయిర్‌బ్యాంక్, అదే మెత్తటి గొంతుతో. “ఒక్కసారైనా సరైన వైపునుంచి వినాలి కదా. పాట అయ్యేదాకా మీరూ వినండి. మధ్యలో మాట్లాడకండి.”

రిసీవర్‌ని కొయ్యబల్ల మీద పెట్టిన చప్పుడు. దాని పక్కనే ఇనుము చప్పుడు.

ఓల్డ్‌రాయిడ్ గుమ్మంలోకి వచ్చి రెండు చేతులతో వేళ్ళు చూపించాడు. ఆరు. పోలీసు కారు ఆ కొట్టు చేరడానికి ఆరు నిమిషాలు. మేవిస్ అట్టపెట్టె ఎత్తి, నీలి పెన్సిల్ రాత మీద వేలుపెట్టింది. ఆరు నిమిషాల ఇరవై సెకన్లు. అది మూడు చరణాలకి. రికార్డులో ఉన్నట్టు రెండే పాడితే నాలుగు.

ఓల్వెన్ పాడటం మొదలుపెట్టింది. గిటార్ లేదు. నలభై ఏళ్ళ మనిషి గొంతు. మొదటి చరణం అయింది. రెండోది సగమయింది.

“ఏదో ఒకటి మాట్లాడు గార్సైడ్,” అని గుసగుసలాడాడు ఓల్డ్‌రాయిడ్. “మాటల్లో పెట్టు వాణ్ణి.”

ఆమె వేలు పెదవుల మీద పెట్టుకుంది. ఒంట్లో ప్రతి నరమూ మాట్లాడమంటోంది.

రెండో చరణం చివరి మాట వచ్చింది. అయిపోయింది. గడియారంలో నాలుగు నిమిషాల ఐదు సెకన్లు. అవతల ఏ శబ్దమూ లేదు. పది సెకన్లు. ఇరవై. ఒక కుర్చీ వెనక్కి జరిగింది.

హెస్టర్ నోరు తెరవలేదు.

అప్పుడు ఓట్లీలో ఎవరో గట్టిగా ఊపిరి తీసుకున్నారు. కంకర మీద చక్రాలు, అని నెమ్మదిగా అందుకుంది ఓల్వెన్.